కన్నీళ్ళు కళ్ళలోంచే వస్తాయండీ!

"ఆమె రెండు కళ్ళలోంచీ వెచ్చని కన్నీళ్ళు చెక్కిళ్ళ మీదుగా జారుతూ, ఆమె హృదయంలోని బాధను తెలియజేశాయి."

ఇలాంటి వాక్యం కథలో తగిలితే నాకు ఏడుపు రాదు, ఒళ్ళు మండుతుంది. కన్నీళ్ళు కళ్ళలోంచి కాక మోచేతిలోంచి వస్తాయా? చెక్కిళ్ళ మీదుగా కాక సిరిసిల్ల మీదుగా వస్తాయా? ఇక బాధ లేకుండా ఏడవడమంటే ఉల్లిపాయలు తరిగేటప్పుడే కదా!

ఎందుకిలా రాస్తారంటే జవాబు ఒకటే: "చదివేది ఆడవాళ్ళు కదండీ, విడమరిచి చెప్పకపోతే అర్థం కాదు." ఒక సంపాదకులవారు నాతోనూ ఈ ముక్క అన్నారు. చూశారా తమాషా! అత్తగారు గిన్నె కాస్త గట్టిగా పెడితే, ఆ చప్పుడులోనే సాయంత్రం దాకా జరగబోయేదంతా గ్రహించేవాళ్ళం. మనకి కథ అర్థం కాదట!

కరీంనగర్‌లో మా పక్కింటి వదినె మొన్న మొగుడితో వచ్చిన తగవు ఇలా చెప్పింది: "అచ్చిండు. తిన్నడు. పన్నడు. ఉన్ననా సచ్చిన్ననా అని సుత అడుగలె." అంతే. ఇదే మా నవలలవాళ్ళ చేతిలో పడితే మూడు పేజీలు. మధ్యలో వాన. వాన ఆమె మనసుకి ప్రతీక అని బ్రాకెట్లో వివరణ కూడాను.

విడమరచడమే పాండిత్యమనుకునేవాళ్ళు ఒకసారి గంగాధర దగ్గర కురిక్యాల వెళ్ళి, బొమ్మలమ్మ గుట్ట ఎక్కి రావాలి. పదో శతాబ్దంలో జినవల్లభుడు తన అన్న పంపకవి గొప్పతనమూ, తను చేయించిన పనులూ అక్కడ రాతి మీద చెక్కించాడు. అందులో తెలుగు కందపద్యాలు మూడంటే మూడే. కందానికి 64 మాత్రలు. అరవై అయిదోది పడిందా, పద్యం చెడిందే! పైగా అక్షరానికిన్ని ఉలిదెబ్బలు. మనకేం, కాయితం చవక. ఫోన్లో రాసేవాళ్ళకి అదీ ఖర్చు లేదు.

అంతెందుకు, వివరించడమే పనిగా పెట్టుకున్న మల్లినాథసూరి, మన మెదక్ వైపు కొల్చారం మనిషే, కాళిదాసుకి వ్యాఖ్య రాస్తూ అక్కరలేనిది చెప్పనని ముందే మాటిచ్చాడు. మనకేమో కథ రాసి, దాని కిందే వ్యాఖ్యా రాసుకునే సరదా!

అలాగని పాత టెలిగ్రాముల్లా రాయమనడం లేదు. బతుకమ్మ పాటలో పాదపాదానికీ "ఉయ్యాలో" వస్తుంది. అది వివరణ కాదు, చప్పట్లకి ఊపిరి. నేను పోరేది "అంటే", "అనగా", "ఎందుకంటే"ల మీద. సకినాల పిండిలో నీళ్ళెక్కువైతే చుట్టు నిలుస్తుందా?

కథ రాశాక చివరి పేరా దాచేసి, మీ చెల్లెలికి చదివి వినిపించండి. "తరవాతేమైందక్కా?" అని అడిగితే తిరిగి పెట్టండి. అడక్కపోతే, ఆ కాయితం మడిచి పోపులడబ్బా కింద వేసుకోండి.