పేరు కన్నా ముందు వేళ చూడాలి



మీ పత్రికలోని ‘ఉద్యోగం చేస్తూ ఎంబీఏ’ వ్యాసంలో కాలేజీ పేరే ముందు చూడమన్నారు. ఒప్పుకోలేను. పాశమైలారంలో షిఫ్టు డ్యూటీ చేస్తూ నేను పేరున్న సాయంత్రం కాలేజీలోనే చేరాను. సాయంత్రం కూడా డ్యూటీ ఉండే బీ షిఫ్టు పడిన వారాల్లో క్లాసుకు వెళ్లే దారే లేదు. హాజరు చాలక మొదటి సెమిస్టరులోనే మానేశాను. కట్టిన ఫీజు పోయింది.

తర్వాత దూరవిద్య సంస్థ ఇగ్నోలో ఎంబీఏ పూర్తి చేశాను. అక్కడ రెండేళ్ల కోర్సును నాలుగేళ్ల వరకు సాగించుకోవచ్చు. మా పాప పుట్టిన ఏడాది ఆ వెసులుబాటే నన్ను నిలబెట్టింది.

దూరవిద్య పట్టాకు విలువ తక్కువన్న మాటా సరికాదు. గుర్తింపున్న సంస్థల దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమేనని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022లో స్పష్టం చేసింది. అయితే చేరే ఏడాదికి ఆ కోర్సుకు అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో చూసుకున్నాకే ఫీజు కట్టాలి.

– ఒక పాఠకుడు, పటాన్‌చెరు