జూన్‌లో అడగని ప్రశ్న

జూన్ 12న బడి తెరుస్తారు. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల నల్లరేగడి ఊళ్ళు అప్పటికి తొలకరి కోసం చూస్తుంటాయి. పదునైన వాన పడితే పత్తి గింజలు పెట్టే పని మొదలు. ఆ పనికి పోయే కూలీల్లో మాల, మాదిగ పల్లెల ఆడవాళ్ళే ఎక్కువ. బడి నుంచి కబురు అందేదీ ఆ తల్లులకే.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది. ముఖ్యమంత్రి చంద్రబాబు బాపట్ల మున్సిపల్ హైస్కూలుకు వచ్చారు. రెండో విడత 2025 జూలై 10న, గురువారం. సర్కారు బడి కూలి తల్లిని పిలిచి కుర్చీ వేయడం చిన్న సంగతి కాదు, దాన్ని మేం తీసిపారేయం. కానీ గురువారం పగలు వచ్చిన తల్లి ఆ రోజు కూలి వదులుకోవాలి. రాని తల్లి గురించి మాత్రం 'ఆ పల్లెవాళ్ళకు చదువు మీద ధ్యాస ఉండదు' అంటారు. కులం పేరు ఎత్తనక్కర్లేకుండా కులాన్ని చెప్పే మాట ఇది.

వచ్చిన తల్లితోనైనా ఏం మాట్లాడుతున్నారు? ఆధార్, బ్యాంకు ఖాతా, హాజరు. తల్లికి వందనం కింద పిల్లకు 13 వేలు తల్లి ఖాతాలో పడతాయి కాబట్టి ఆ మాటలూ అవసరమే. అయితే అవన్నీ బడి చెప్పేవి, తల్లి వినేవి. 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ కూడా అంతే. టీచరు తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, ప్రగతి వాళ్ళకు తెలియజేయాలంటుంది. వాళ్ళను ఏమైనా అడగాలని అనదు.

ఈ నేల మీద అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: 'పత్తి తీతలకు, మిరప కోతలకు మీరు ఎక్కడుంటారు? పిల్ల ఎవరి దగ్గర ఉంటుంది?'

పత్తి తీత అక్టోబరు నుంచి, మిరప కోత జనవరి నుంచి ఊపందుకుంటాయి. కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలు పిల్లాపాపలతో ఇక్కడి చేలకు దిగుతాయి. వారిలో మాదిగలతో పాటు బోయ, కురువ కుటుంబాలూ ఉంటాయి. ప్రకాశం పడమటి మెట్ట పల్లెలవాళ్ళూ పని ఉన్న చోటికి కదులుతారు. చంటిబిడ్డను చూసుకోవడానికి పదేళ్ళ అక్కను బడి మాన్పించి వెంట తెచ్చుకుంటారు. మిరప ఘాటు అంటిన చేతులతో ఆమె ఏప్రిల్ దాకా చేను గట్టునే ఉంటుంది. సొంతూరి హాజరు పట్టీలో ఆమె 'గైర్హాజరు'. ఇక్కడి బడిలో ఆమె పేరే లేదు.

వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్పించే బాధ్యత స్థానిక సంస్థదని అదే చట్టం 9వ సెక్షన్ చెప్తోంది. బదిలీ పత్రం ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదని 5వ సెక్షన్ చెప్తోంది. సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్ళున్నాయి. వీటన్నిటికీ ముందుగా కావాల్సింది ఎవరు, ఎప్పుడు, ఎక్కడికి పోతారన్న జాబితా. బండ్లు కదిలాక నవంబరులో రాసే జాబితా ఎవరికీ పనికిరాదు. జూన్, జూలైల్లో, తల్లి ఇంకా ఇంటి దగ్గరే పడుకుంటున్న రోజుల్లో రాయాలి.

ఈ పని ఎలా చేయాలో ఈ జిల్లాలకు కొత్త కాదు. గుంటూరు లూథరన్ మిషన్, ఒంగోలు బాప్టిస్టు మిషన్ల పల్లె పంతులు ఆ పల్లెలోనే కాపురం ఉండేవాడు. ఏ ఇల్లు ఏ పనికి పోయిందో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. మిషన్ల లెక్కలు మిషన్లకున్నాయి, ఆ చర్చ వేరే. ఇప్పటి టీచరు టౌన్ నుంచి బస్సెక్కి వస్తున్నారు, ఫొటోలు అప్‌లోడ్ చేసేసరికి సాయంత్రమవుతోంది. పల్లెకు రాలేదని ఆ ఒక్క మనిషిని నిందించి లాభం లేదు.

అందుకే మేం అడుగుతున్నది విద్యాశాఖను. బడి తెరిచిన మొదటి నెలలో రెండు సాయంత్రాలు, కూలి నుంచి తిరిగొచ్చే వేళకు, సమావేశం పల్లెలోనే పెట్టండి. చర్చి ముందైనా, అంబేడ్కర్ విగ్రహం దగ్గరైనా సరే. ఆ రెండు రోజులూ టీచర్లకు యాప్ పని తీసేయండి. యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు ఉండాలి కదా, ఆ జాబితా మీద సంతకం కమిటీలో ఉన్న పల్లె తల్లిది కావాలి. ఒక నకలు పంచాయతీకి, ఒకటి వాళ్ళు కోతకు వెళ్ళే మండలం ఎంఈఓకు ఆగస్టులోపు చేరాలి. మిరప నారు చేలోకి మారేది అప్పుడే.