"తిండి తగ్గించమ్మా" అనే వైద్యశాస్త్రం

పిల్లలు పుట్టకుండా మూడు నెలలకొక ఇంజక్షను తీసుకునే స్త్రీ "బరువు పెరుగుతున్నాను డాక్టరుగారూ" అని చెప్పుకుంటే, ఆమెకు దొరికే జవాబు రెండు ముక్కలు: "తిండి తగ్గించమ్మా!" యీ రెండు ముక్కలను నేను వైద్యమనను. ఫిర్యాదును, ఫిర్యాదు చేసినవారి నేరంగా మార్చే పాత కచేరీ విద్య అంటాను.

డాక్టర్లను అలా వుంచండి. అభ్యుదయవాదులమని చెప్పుకునే మనలోనే కొందరు మిత్రులు యీ విషయం యెత్తగానే పెదవి విరుస్తున్నారు. "లావూ సన్నమూ తిన్నది అరక్క అద్దం ముందు కూచునే మధ్యతరగతి ఆడవాళ్ల బాధలు. కూలి రేట్ల గురించి మాట్లాడవలసిన చోట నడుము కొలతలేమిటి?" అని వీరి ప్రశ్న. ముందు వీరికే జవాబు చెబుతాను.

మందు పేరు మెడ్రాక్సీ ప్రొజెస్టరాన్ ఎసిటేటు. "డెపో ప్రొవెరా" అనే పేరుతో దీన్ని అమ్మింది అమెరికాలోని అప్‌జాన్ కంపెనీ. గర్భనిరోధానికి 1992లో అక్కడ అనుమతి దొరికింది. 1993లో మన దేశంలో అమ్ముకోవడానికి అనుమతి దొరికింది. 2017 నుండి "అంతర" పేరుతో సర్కారు ఆసుపత్రులలో ఉచితంగా యిస్తున్నారు. కండలోకి యెక్కించే మోతాదు 150 మిల్లీగ్రాములు. బరువు సంగతి యే స్త్రీవాదీ కల్పించిన కథ కాదు. మందుతోపాటు కంపెనీవారు అచ్చువేసి యిచ్చే కాగితంలోనే వుంది. మొదటి సంవత్సరం పూర్తిచేసిన స్త్రీలు సగటున 5.4 పౌనులు పెరిగారట, రెండేళ్లకు 8.1, నాలుగేళ్లకు 13.8, ఆరేళ్లకు 16.5. అంటే ఆరేళ్లలో సుమారు ఏడున్నర కిలోలు! అమ్మేవాడు ఒప్పుకుని అచ్చువేసిన దానిని, ఆసుపత్రి బల్ల వెనక కూచున్నవాడు ఒప్పుకోడు.

"వయసుతోపాటు యెవరైనా కొంత పెరుగుతారు గదా, మందునే యెందుకు తిట్టడం?" అని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. కంపెనీ అంకెలు మందు వాడినవారివి మాత్రమే గనుక వాటితోనే తీర్పు చెప్పకూడదు. కాని పోల్చి చూసినవారున్నారు. 2009లో టెక్సాస్ పరిశోధకులు ప్రకటించిన అధ్యయనంలో, యీ ఇంజక్షను వాడినవారు 36 నెలలలో సగటున 5.1 కిలోలు పెరిగారు, అందులో 4.1 కిలోలు వట్టి కొవ్వు. అదే అధ్యయనంలో నోటిమాత్రలు మింగినవారు, హార్మోను లేని పద్ధతులు వాడినవారికన్నా అదనంగా పెరగలేదు. కనుక "హార్మోను మందులన్నీ లావెక్కిస్తాయి" అని గుండుగుత్తగా కేకలు వేసేవారితో నాకు పొత్తు లేదు. దోషం యే మందులో వుందో ఆ మందుకే అంటగట్టాలి.

యిప్పుడు అద్దం సంగతి. మోకాటిలోతు బురదలో పొద్దంతా వంగి నాట్లు వేసే మనిషికి ఏడున్నర కిలోల అదనపు మోతబరువు నడుముదీ మోకాళ్లదీ తప్ప అద్దానిది కాదు. మనదేశపు వాళ్లకు తక్కువ లావుకే చక్కెరజబ్బు పట్టుకుంటుందని వైద్యులే చెబుతారు. ఆ జబ్బుకు జీవితాంతం మాత్రలు కొనవలసింది కూలి డబ్బుతోనే. కూలి రేట్ల మిత్రులు యీ లెక్క కూడా వేసుకోవాలి.

పైగా యీ మందుకొక గుణముంది. మాత్ర అయితే రేపు మానెయ్యవచ్చు. ఇంజక్షను ఒకసారి లోపలికి పోయాక మూడు నెలలు దాని రాజ్యమే; వెనక్కి తీయడం యెవరివల్లా కాదు. అలాంటి మందు యిచ్చేముందు చెప్పవలసినదంతా చెప్పకపోతే, ఆ స్త్రీ రెండో మోతాదుకో మూడో మోతాదుకో రావడం మానేస్తుంది. మరో పద్ధతి చేతికి రాకముందే గర్భం వస్తుంది. తరువాత మిగిలేది ఆపరేషను బల్ల. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ వివాహిత స్త్రీలలో నూటికి 70 మందికి దగ్గరగా ఆ బల్ల యెక్కినవారే. దేశం మొత్తంమీద మగవారి ఆపరేషన్లు నూటికి 0.3! కుటుంబ నియంత్రణలో నియంత్రణ యెవరిదో, శరీరం యెవరిదో యీ రెండంకెలు చెబుతాయి.

ఆడవాళ్ల మాట నమ్మకపోవడం యిప్పటి జబ్బు కాదు. 1956లో ప్యుర్టోరికోలోని రియో పియెడ్రాస్ బస్తీలో గర్భనిరోధక మాత్రను పరీక్షించినప్పుడు, అక్కడ పనిచేసిన డాక్టరు ఎడ్రిస్ రైస్‌రే అనే ఆమె, నూటికి 17 మంది వికారం, తలతిరుగుడు, తలనొప్పి, వాంతులతో బాధపడుతున్నారని రాసి పంపింది. పింకస్ మహాశయుడు అది వాళ్ల మనోభ్రమ అన్నాడు. ఆనాటి మాత్రలో ప్రొజెస్టిన్ 10 మిల్లీగ్రాములు. తరువాతి కాలపు మాత్రలలో అది యెన్నో రెట్లు తగ్గించారు. భ్రమకైతే మోతాదు తగ్గించడమెందుకో!

మనకూ ఒక ప్యుర్టోరికో వుంది. 1985లో పటాన్‌చెరు ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే మరో ఇంజక్షనుకు స్త్రీలను పోగుచేశారు. అది ప్రయోగమని వాళ్లకు తెలియదు. హైదరాబాదు స్త్రీశక్తి సంఘటన వారు వెళ్లి నిలదీశారు. 1986లో ఢిల్లీ సహేలి మొదలైన సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకెక్కారు. 2000లో కేసు ముగిసేనాటికి, ఆ మందును సామూహిక కార్యక్రమంలో పెట్టడం తగదని ప్రభుత్వమే ఒప్పుకోవలసి వచ్చింది.

యింత చెప్పి, "అంతర"ను నిషేధించమని నేననను. యిక్కడ నాతో పోట్లాడే మిత్రులున్నారని తెలుసు. కాని మొగుడికీ అత్తకూ తెలియకుండా కానుపుల మధ్య యెడం పెట్టుకోవలసిన స్త్రీకి, మాత్రల అట్ట దాచుకునే చోటైనా లేని స్త్రీకి, యీ సూది ఒక ఆసరా. దానిని మనం లాక్కుంటే అత్తకు సాయం చేసినవాళ్లమౌతాం. నేను అడిగేది చాలా చిన్నది. మొదటి ఆరు నెలలలో శరీర బరువులో నూటికి 5 వంతులు మించి పెరిగినవారు తరువాతా బాగా పెరుగుతారని పరిశోధకులు గుర్తించారు. అంటే యెవరికి యీ మందు పడదో రెండు మోతాదులలోనే తెలుసుకోవచ్చు. ఆమెకు రాగితీగ లూపో, మరో సాధనమో చూపించవచ్చు. దీనికి ప్రయోగశాల అక్కరలేదు, తూకం యంత్రం చాలు.

మన పాఠకులలో వైద్యవిద్యార్థులున్నారు. సూది పొడవకముందు ఆ స్త్రీని తూకమెక్కించి, ఆ అంకెను ఆమె కార్డుమీద రాసి, క్రిందటిసారి అంకెతో సహా ఆమెకు చదివి వినిపించమని వారిని అడుగుతున్నాను.