స్వభావ భేదమును సేద్యపు చదువును

క్రొత్త విత్తనమును గూర్చియో, క్రొత్త సాగుపద్ధతిని గూర్చియో సంఘ సమావేశమున ఉపన్యాసము ముగిసిన పిమ్మట సభికులను గమనించినచో మనుష్యుల స్వభావ భేదము చక్కగా తెలియగలదు. ఒకరు వెంటనే లేచి పది ప్రశ్నలు వేయుదురు. ఒకరు వెనుక వరుసలో మౌనముగా కూర్చుండి, ఇంటికి పోవునపుడు పొరుగువారితో ఆ సంగతి మాటలాడుకొందురు. ఒకరు మరునాడే విత్తనమునకు పైకము కట్టుదురు. వేరొకరు రెండు మూడు పంటలు గడచువరకు గట్టు మీదనే నిలిచి చూతురు. వీరిలో ముందడుగు వేసినవానిని తెలివిగలవాడనియు, గట్టు మీద నిలిచినవానిని మొండివాడనియు చెప్పుట మనకు వాడుకయైనది. ఈ వాడుక న్యాయము కాదనియు, దీనివలన సంఘమునకే నష్టమనియు మా అభిప్రాయము.

ఇందుకొక దృష్టాంతము చూపుదుము. అమెరికాలోని అయోవా రాష్ట్రమున సంకరజాతి మొక్కజొన్న విత్తనము 1928వ సంవత్సర ప్రాంతమున రైతులకు లభింపసాగెను. రయన్, గ్రాస్ అను ఇద్దరు సాంఘికశాస్త్రజ్ఞులు అక్కడి 259 మంది రైతులను విచారించి 1943లో తమ పరిశోధనను ప్రకటించిరి. 1941 నాటికి వారిలో ఇద్దరు తప్ప తక్కినవారందరును ఆ విత్తనమును చేపట్టియుండిరి. కాని వినిన వెంటనే విత్తినవారు బహు కొద్దిమంది. పెక్కండ్రకు వినుటకును విత్తుటకును నడుమ ఏండ్లు పట్టెను. ఆ సంగతి మొదట విత్తనపు వర్తకుల నోట వినినవారే ఎక్కువ. విత్తుటకు ధైర్యము కలిగించిన విషయమున మాత్రము పొరుగు రైతుల మాటకే ఎక్కువ బలముండెను. ముందుగా వేసినవారు సైతము భూమినంతయు ఒక్కసారిగా మార్చక, కొంత చెక్కలో వేసి చూచుకొనిరి.

దీనినిబట్టి ఆలస్యముగా చేపట్టినవాడు నేర్చుకొనలేనివాడు కాడని తేలుచున్నది. అతడు నేర్చుకొనుచునే యున్నాడు. పొరుగువాని చేనే అతనికి బడి. అదియునుగాక, జంకు అంతయు స్వభావమువలననే కలుగునది కాదు. ఒక పంట చెడినను తట్టుకొనగలవాడు త్వరగా సాహసించును. ఒక్క పంట చెడినచో అప్పు తీర్చలేనివాడు నిదానించుట బుద్ధిహీనత యగునా?

ఇందుకు ఎదురుగా మరియొక పొరపాటు కలదు. ఒకడు కన్నులతో నేర్చువాడు, ఒకడు చెవులతో నేర్చువాడు, ఒకడు చేతులతో నేర్చువాడు అని మనుష్యులను తెగలుగా విభజించి, ఏ తెగకు తగిన బోధ ఆ తెగకు చేయవలెనని కొందరు చెప్పుచున్నారు. వినుటకిది సొంపుగానే యున్నది. కాని 2008లో నలుగురు అమెరికా మనశ్శాస్త్రజ్ఞులు అంతవరకు జరిగిన పరిశోధనలను సమీక్షించి, ఇట్లు విభజించి బోధించుటవలన చదువు బాగుపడునని చెప్పుటకు తగిన ఆధారములు లేవని తేల్చిరి. మనుష్యుల ఇష్టములు వేరువేరుగా నుండుట నిజమే. ఇష్టమైన దారియే నేర్పునకు మేలైన దారి యనుట మాత్రము నిరూపింపబడలేదు.

మా ఆలోచనలో ఏ దారిని నేర్చుకొనవలెనో చెప్పునది విషయమే. శ్రీవరి సాగునే తీసికొందము. మడగాస్కరు ద్వీపమున హెన్రీ డి లౌలానీ అను క్రైస్తవ గురువు రూపొందించిన ఈ పద్ధతిని 2003 ఖరీఫున మన రైతుల పొలములలో ప్రయోగముగా పెట్టిరి. 8 మొదలు 12 దినముల లేత నారును, వేరు చెదరకుండ, గింజతోను మట్టితోను తీసి, కుదురునకు ఒక్కొక్క మొక్కగా 25 సెంటీమీటర్ల ఎడముతో పైపైన నాటవలెను. ఎంతటి సూక్ష్మబుద్ధికైనను ఇది విని వచ్చు విద్య కాదు. మడిలో దిగి చేతితో నేర్వవలసినదే. అట్లే వడ్డీ లెక్క కాగితముపై అంకెలు వేసి చూచుకొననిదే, ఎంతటి పనివానికిని బోధపడదు. మరి నాట్లు వేయువారు చాలవరకు స్త్రీలు. ఉపన్యాసమునకు వచ్చి కూర్చుండువారు పురుషులు. చేయవలసిన చేతికి నేర్పక, చేయని చెవికి చెప్పి, పద్ధతి పనికిరాదనుట ఎట్టి న్యాయము?

అట్లయిన స్వభావమునకు పని లేదా? కలదు. ఎప్పుడు, ఎవరి నడుమ, ఎంత నిదానముగా నేర్చుకొనునో స్వభావమే నిర్ణయించును. పదిమందిలో నోరు విప్పనివాడు నలుగురిలో చక్కగా అడుగును. త్వరపడువానికి పట్టుదల నేర్పవలెను, నిదానించువానికి గడువీయవలెను.

కావున సంఘము మూడు పనులు చేయవలెనని మా మనవి. మొదటిది, ప్రతి క్రొత్త పద్ధతిని ముందుగా ముందుకు వచ్చిన సభ్యుని పొలమున 10 సెంట్లలో వేయించి, పంట చెడినచో ఆ నష్టమును సంఘమే భరించవలెను. రెండవది, పెద్దసభ ముగిసిన పిమ్మట అయిదారుగురు చొప్పున గట్టు మీద కూర్చుండి మాటలాడుకొను ఏర్పాటు చేయవలెను. మూడవది, నాట్లనాడు కూలి స్త్రీలను కూడ పిలిచి, కూలి నష్టపడకుండ వారికి మడిలోనే చూపవలెను.

గట్టు మీద నిలిచి చూచువానిని ఇకమీదట మొండివాడని పిలువకుందము. అతని కంటికి కనబడునట్లు ఒక చెక్క పండించి చూపుదము. మడిలోనికి ఎప్పుడు దిగవలెనో అతడే నిశ్చయించుకొనును.