టికెట్టు మీద రెండున్నర గంటలే!



ఆ మధ్య కోనసీమలోని ఒక తల్లి తన కుమార్తె కువైట్ టికెట్టు పట్టుకొని మా యింటికి వచ్చింది. "అయ్యగారూ, హైదరాబాదులో రాత్రి పన్నెండున్నరకు ఎక్కితే మూడింటికే దిగుతుందట! అమలాపురం నుండి రాజమండ్రి పోయినంత సేపే గదా!" అని ఆమె సంతోషము.

టికెట్టు చూచాము. బయలుదేరుట 00.30, చేరుట 03.00. అచ్చులో తప్పేమియు లేదు. అయితే మొదటిది మన గడియారము, రెండవది కువైట్ గడియారము. ఏ ఊరి సమయము ఆ ఊరిదే వేస్తారు. కువైట్ మనకు పడమట ఉన్నది గనుక అక్కడ ప్రొద్దు ఆలస్యముగా పొడుస్తుంది; వారి గడియారము మనకంటె రెండున్నర గంటలు వెనుక. అక్కడ మూడు అంటే మన యింట్లో అయిదున్నర. అనగా ప్రయాణము అయిదు గంటలు.

దూరము లెక్కకూడ సరిపోతుంది. శంషాబాదు నుండి కువైట్ విమానాశ్రయానికి తిన్నగా గీత గీస్తే సుమారు 3,370 కిలోమీటర్లు. పైకెక్కిన తరువాత విమానము గంటకు ఇంచుమించు 850 కిలోమీటర్లు పోతుంది. అది నాలుగు గంటలు. నేలమీద నడక, ఎక్కుట, దిగుట, దారిలో వంపులు కలిపితే మిగిలినది. తిరుగు ప్రయాణములో టికెట్టు ఇందుకు విరుద్ధముగా భయపెడుతుంది: సాయంత్రము 7కు ఎక్కి రాత్రి 2కు దిగినట్లుంటే ఏడు గంటలు కాదు, నాలుగున్నరే. పైన వీచే పడమటి గాలి, ముఖ్యముగా చలికాలములో, వెనుకనుండి తోస్తుంది గదా.

ఇదంతా కాగితము మీద వేసి చూపించి, మాటల మధ్య, "హైదరాబాదుకు బస్సెప్పుడమ్మా?" అని అడిగాము.

"15వ తేదీ ఉదయము ఎనిమిదింటికండి. విమానము ఆ రాత్రికే గదా."

మా గుండె ఝల్లుమన్నది. టికెట్టు మీద 15వ తేదీ, 00.30. అది 14వ తేదీ రాత్రి భోజనాలైన తరువాత వచ్చే పన్నెండున్నర! అర్ధరాత్రి దాటగానే తేదీ మారిపోతుంది. మూడు గంటల ముందు అక్కడ ఉండాలి, అనగా 14వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకే. గంట ముందుగానే సామాను కౌంటరు మూసివేయుట సాధారణము. పైగా 2008లో విమానాలు బేగంపేట నుండి శంషాబాదుకు మారిన తరువాత, బస్సు దిగి ఇంకా ఊరవతలికి పోవలసియున్నది. అప్పు చేసి కొన్న టికెట్టు అది. ఆ తల్లి కాసేపు మాట్లాడలేదు.

ఆ సాయంత్రమే బస్సు టికెట్లు 13వ తేదీ రాత్రికి మార్చుకున్నారు. మీ యింట్లోకూడ ఎవరైనా గల్ఫు ప్రయాణములో ఉంటే, సున్నాతో మొదలయ్యే సమయము కనబడగానే క్యాలెండరులో ముందు రోజు రాత్రి మీద గుర్తు పెట్టండి.

మూడింటికి ఫోను రాలేదని కంగారు పడవద్దని ఆమెకు మరీ మరీ చెప్పాము. దిగిన తరువాత పాసుపోర్టు తనిఖీ, సామాను, ఇంకొక గంటన్నర పడుతుంది. 15వ తేదీ ఉదయము ఏడు దాటిన తరువాత ఫోను వచ్చింది. వారు మొదట అనుకున్న బస్సు ఇంకా అమలాపురం స్టాండులోకి రాలేదు.