ఈసారి బస్సు ఓర్లాండోకి కాదు, మాంట్‌గోమరీకి

కమ్మింగ్, జాన్స్ క్రీక్, ఆల్ఫరెటా తెలుగు తల్లిదండ్రులకు

పోయిన ఆదివారం మన సంఘం కార్యవర్గ సమావేశంలో ఏం జరిగిందో ఈపాటికి మీ చెవిన పడే ఉంటుంది. ఏప్రిల్ సెలవుల్లో హైస్కూల్ పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళాలన్న చర్చ టీ చల్లారేలోపే ముగిసింది. ఒకరు ఓర్లాండో అన్నారు, తక్కినవాళ్ళు తలలూపారు. అలబామాలోని మాంట్‌గోమరీ, సెల్మా చూపిద్దామని కొందరు తల్లిదండ్రులం రాసిచ్చిన కాగితాన్ని మడత విప్పి చూసినవాళ్ళు లేరు. గుర్తుచేస్తే ఒక పెద్దాయన, "అదంతా నల్లవాళ్ళ గొడవమ్మా, మనకెందుకు?" అన్నారు. ఇద్దరు నవ్వారు. తక్కినవాళ్ళు ఫోన్లు చూసుకున్నారు.

మనకెందుకో ఇక్కడ రాస్తున్నాను. చదివాక చించి పారేసినా ఫర్వాలేదు.

ఓర్లాండో మీద నాకు పగేమీ లేదు. డిస్నీ వరల్డ్ 1971 నుంచి అక్కడే ఉంది, వచ్చే ఏడూ ఉంటుంది. మన పిల్లల్లో దాన్ని చూడనివాళ్ళెవరో చెప్పండి. చిన్నప్పుడొకసారి, తాతయ్యా అమ్మమ్మా వచ్చినప్పుడొకసారి, డాలస్ నుంచి మేనమామ కుటుంబం దిగినప్పుడు ఇంకోసారి. అట్లాంటా నుంచి సుమారు 440 మైళ్ళు, ఒక్క రోజు టికెట్టే తలకి వంద డాలర్ల పైమాట. మాంట్‌గోమరీ 160 మైళ్ళు. అక్కడ నల్లజాతివాళ్ళ చరిత్ర చెప్పే మ్యూజియం, స్మారకం, శిల్పవనం మూడింటికీ కలిపి టికెట్ అయిదు డాలర్లు. లెక్కలంటే మనకు నమ్మకం కాబట్టి ముందు లెక్క చెప్పాను. నా కోపం డబ్బు గురించి కాదు.

"మనకెందుకు" అన్న పెద్దమనిషి ఇల్లు ఫోర్‌సైత్ కౌంటీలో ఉంది. నాదీ అక్కడే. ఇది చదివేవాళ్ళలో చాలామందిదీ అక్కడే. బడులు బాగుంటాయని కొనుక్కున్నాం. ఆ కౌంటీలో 1912 సెప్టెంబరులో ఒక తెల్లజాతి అమ్మాయి మీద దాడి జరిగింది. ఆ నేరం మోపి కమ్మింగ్ జైల్లో పెట్టిన రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్లజాతి మనిషిని గుంపు బయటికి లాగి చంపి, ఊరి నడిబొడ్డున స్తంభానికి వేలాడదీసింది. ఎర్నెస్ట్ నాక్స్, ఆస్కార్ డేనియల్ అనే ఇద్దరు నల్లజాతి కుర్రాళ్ళ విచారణను హడావిడిగా తేల్చేసి ఉరితీశారు. వేలమంది వచ్చి చూశారు. నాక్స్ వయసు 16. మన యాత్రకు పేరిచ్చిన పిల్లల వయసే.

అంతటితో ఆగలేదు. రాత్రిళ్ళు గుర్రాల మీద వచ్చి చర్చిలు తగలబెట్టారు, ఇళ్ళ మీద కాల్పులు జరిపారు. కౌంటీలో ఉన్న సుమారు 1,100 మంది నల్లజాతివాళ్ళు కట్టుబట్టలతో పోయారు. వాళ్ళు వదిలిన పొలాల్లో కొన్ని అమ్మకం కాగితమైనా లేకుండా పక్కవాళ్ళ పేర్ల మీదికి మారాయి. ఆ కౌంటీలోనే పెరిగిన ప్యాట్రిక్ ఫిలిప్స్ అనే తెల్లజాతి రచయిత దీని మీద 2016లో 'బ్లడ్ ఎట్ ది రూట్' అనే పుస్తకమే రాశాడు. ఆ నేలలో కొంత ఇప్పుడు లేనియర్ సరస్సు నీళ్ళ కింద ఉంది. మనం కార్తీక వనభోజనాలు పెట్టుకునేది ఆ ఒడ్డునే.

పాత కథ అంటారా? 1987 జనవరి 17న పౌరహక్కుల ఉద్యమకారుడు హోసియా విలియమ్స్ నాయకత్వాన ఒక చిన్న గుంపు ఇక్కడ ఊరేగింపు తీస్తే రాళ్ళూ సీసాలూ విసిరి తరిమారు. వారం తిరిగేసరికి, 24న, సుమారు 20,000 మంది వచ్చి నేషనల్ గార్డ్ కాపలా మధ్య కమ్మింగ్‌లో నడిచారు. 1987లో మనలో చాలామందిమి హైదరాబాదులోనో, విజయవాడలోనో బడికి పోతున్నాం. తర్వాత ఎప్పుడో వచ్చి అదే నేల మీద ఇళ్ళు కొని పాలు పొంగించుకున్నాం. మన మీద ఎవరూ రాయి వేయలేదు. ఎందుకు వేయలేదో మన ఆదివారం తెలుగు బడిలో ఏ పిల్లకీ చెప్పడం లేదు. పోతన పద్యాలు చెప్తున్నాం, చెప్పాలి. ఇది చెప్పకపోవడం మాత్రం మరిచిపోయి కాదు.

ఇక మనం ఈ దేశానికి ఎలా వచ్చామన్న సంగతి. భారతీయులు తెల్లవాళ్ళు కారు, పౌరసత్వానికి పనికిరారని 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టే తీర్పిచ్చింది. 1946లో తలుపు కొంచెం తీసి, ఇక్కడ స్థిరపడడానికి ఇండియా మొత్తానికీ ఏడాదికి 100 మంది చాలన్నారు. 1965 మార్చి 7న ఓటు హక్కు కోసం సెల్మా వంతెన దాటబోయిన సుమారు 600 మందిని పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో చితకబాదారు. వాళ్ళకు ముందు నడిచిన పాతికేళ్ళ జాన్ లూయిస్ పుర్రె పగిలింది. ఆ ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం వచ్చింది. అక్టోబర్ 3న, దేశాన్ని బట్టి జాతిని బట్టి మనుషుల్ని ఏరే పాత కోటాలను ఎత్తేసిన వలస చట్టం వచ్చింది. రెండింటినీ చేసింది ఒకే కాంగ్రెస్, సంతకం పెట్టింది ఒకే ప్రెసిడెంటు జాన్సన్. రంగు చూసి ఓటు ఆపడం తప్పని ఒప్పుకున్న చట్టసభ, పుట్టిన దేశం చూసి గుమ్మంలో ఆపడం తప్పు కాదని ఏ మొహంతో అనగలదు? అయినా మనం మాత్రం జీఆర్ఈ స్కోరుతో వచ్చామనీ, మన తెలివితో వచ్చామనీ చెప్పుకుంటాం. తెలివి 1964లోనూ మన దగ్గర ఉంది. వీసానే లేదు.

ఇప్పటిదాకా మర్యాదగా రాశాను. ఇక ఉన్నమాట చెప్తాను.

"మనకెందుకు" అన్నది నాకు కొత్తగా వినపడిన మాట కాదు. 1985 జులై 17న కారంచేడులో మాదిగల్ని వేటాడి చంపారు. ప్రాణాలతో మిగిలినవాళ్ళు ఊరు విడిచి చీరాలకు పోయారు. 1991 ఆగస్టు 6న చుండూరులో దళితుల్ని చంపి గోతాల్లో కుక్కి కాలవల్లో పడేశారు. దళితవాడ మొత్తం తెనాలికి పోయింది. 2014లో హైకోర్టు నిందితులందర్నీ విడిచిపెట్టింది. ఆ ఉదయాల్లో మన ఇళ్ళలో పెద్దవాళ్ళు పేపరు మడిచి పక్కనపెట్టి అన్న మాట ఇదే. అట్లాంటిక్ దాటినా ఆ మాట మన సూట్‌కేసుల్లో ఆవకాయతోపాటు భద్రంగా వచ్చింది.

పిల్లలు చిన్నబుచ్చుకుంటారు, రాత్రి నిద్రపోరు అంటున్నారే, మీ దిగులు అది కానే కాదు. మాంట్‌గోమరీ వెళ్ళొచ్చిన పిల్ల ఇంటికొచ్చి భోజనాల దగ్గర అడుగుతుంది: మన ఊళ్ళో మాల పల్లె ఎక్కడుంది నాన్నా, ఊరికి దూరంగా ఎందుకుంది, తాతగారి పొలంలో పనిచేసేవాళ్ళు ఏ గ్లాసులో టీ తాగేవాళ్ళు? మిక్కీ మౌస్ ఈ ప్రశ్నలు పంపించడు. అందుకే ఓర్లాండో రెండు నిమిషాల్లో గెలిచింది.

మాంట్‌గోమరీలో ఏముంది చూడ్డానికి అని ఇంకొకరు అడిగారు. 2018 ఏప్రిల్‌లో తెరిచిన స్మారకంలో, మూకలు కొట్టి, ఉరితీసి చంపిన 4,400 మందికి పైగా నల్లజాతి మనుషుల పేర్లు చెక్కిన ఉక్కు దిమ్మెలు 800కు పైగా ఉన్నాయి, కౌంటీకి ఒకటి చొప్పున. మొదట అవి మన ఎదురుగా మనిషెత్తున నిలబడి ఉంటాయి. నడిచే కొద్దీ నేల కిందికి దిగుతుంది, దిమ్మెలు వేలాడుతూ నెత్తి మీదికి పోతాయి. మెడ వెనక్కి వాల్చితే తప్ప పేరు కనపడదు. జార్జియా దిమ్మెల దగ్గర పిల్లల్ని వదిలేసి ఎవరి కౌంటీ వాళ్ళని వెతుక్కోమనండి. మ్యూజియంలో వరసలు వరసలుగా గాజు సీసాలు, వాటిలో ఆ హత్యలు జరిగిన చోట తవ్వి తెచ్చిన మట్టి. ఒకటి నల్లది, ఒకటి ఇసుక రంగు, ఒకటి మన పెరట్లో గులాబీ మొక్కకి తవ్వినప్పుడు వచ్చే అదే జార్జియా ఎర్రమట్టి. సీసా మీద మనిషి పేరు, ఊరు, తేదీ.

సెల్మా అక్కడికి 50 మైళ్ళు. ఆ వంతెన మధ్యలో ఎత్తుగా ఉంటుంది. నడిమికి చేరేదాకా అవతల గట్టు మీద ఎవరు కాచుకుని ఉన్నారో కనపడదు. దాని మీద పిల్లల్ని నడిపించండి, అంతకంటే పాఠం అక్కర్లేదు. ఇక్కణ్ణుంచి మాంట్‌గోమరీ వెళ్ళే దారిలో టస్కీగీ ఉండనే ఉంది. వేరుశనగ మీద పరిశోధనకు పేరుపడ్డ జార్జ్ వాషింగ్టన్ కార్వర్ 1896 నుంచి 1943లో పోయేదాకా పనిచేసిన కాలేజీ అది. అనంతపురం నుంచి వచ్చినవాళ్ళు కూడా అటు తిరిగి చూడకుండా పోతే ఇక నేను చెప్పేదేమీ లేదు.

మిగతా అభ్యంతరాలు త్వరగా తేలుస్తాను. తిండి: పులిహోర, దద్దోజనం డబ్బాలు నేను కడతాను. మార్టిన్ లూథర్ కింగ్ సమాధి అట్లాంటాలోనే ఉందిగా అంటారా, ఇన్నేళ్ళలో అక్కడికైనా ఎవరు తీసుకెళ్ళారు? గ్రీన్‌కార్డు పెండింగులో ఉంది, కాలం బాగాలేదు, ఇలాంటివాటి జోలికి పోకూడదట. టికెట్ కొని మ్యూజియం చూస్తే గ్రీన్‌కార్డు ఆగదు. చిన్నపిల్లలంటారా, పన్నెండేళ్ళ లోపు వాళ్ళని మేము అడగడం లేదు.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం సర్వసభ్య సమావేశం. యాత్ర అంశం కార్యక్రమంలో అన్నిటికన్నా చివర పెట్టారు, అందరూ భోజనాలకు లేచిపోయే సమయానికి. లేవకండి. మా కాగితం చదవమని పట్టుబట్టండి. చేతులెత్తించి లెక్కపెట్టమనండి, తలలూపితే ఒప్పుకోవద్దు. గురువారం పొద్దున బయల్దేరి టస్కీగీ, మాంట్‌గోమరీ, సెల్మా చూసి శనివారం రాత్రికి ఇల్లు చేరే బస్సు, హైస్కూల్ పిల్లలందరికీ, పెద్దలు కూడా ఎక్కొచ్చు. సంఘం కాదంటే బస్సు మేమే మాట్లాడతాం. పేర్లు సమావేశం హాలు గుమ్మం దగ్గర రాసుకుంటాం. "మనకెందుకు" అన్న పెద్దాయనకు ముందు సీటు ఉంచుతున్నాం, టికెట్ అయిదు డాలర్లు ఆయన పెట్టుకోనక్కర్లేదు.