తాళపుచెవి చేతికందిన పిదప

షోలాపూరు నేతవాడల కాపురము ఎట్టిదో మన పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. సాఖర్ పేట, దాజీ పేట, భద్రావతి పేట సందులలో ఒక్క ఖోలీలోనే పొయ్యి, మంచము, కండెల రాట్నము, బీడీల చాట, పిల్లల పుస్తకములు ఇముడవలెను. మన పెద్దలు తెలంగాణమునుండి బ్రతుకుదెరువు వెదకుకొనుచు వచ్చి, మిల్లులలోను మగ్గములపైనను పనిచేసి, చద్దర్లకు తువాళ్లకు ఈ ఊరి పేరు దేశమంతట నిలిపినారు. వారిలో పెక్కుమంది కిరాయి ఇండ్లలోనే కన్నుమూసినారు.

ఇప్పుడు మా సంఘము ఆఫీసుకు వచ్చు సభ్యులు నూలు ధర అడుగుట తగ్గినది, ఇంటి సంగతి అడుగుట హెచ్చినది. కుంభారిలో నంబరు వచ్చునా? మిగిలిన సొమ్ము ఎవరికి కట్టవలెను? ఫలానావారిచ్చిన చీటీ చెల్లునా? ఒక్కొక్కరికి జవాబు చెప్పుటకన్న అందరికి కలిపి మా అభిప్రాయము వ్రాయుట మేలని తోచినది.

ముందుగా జరిగిన పని ఎంతటిదో తలచుకొనవలెను. గోదూతాయి పరులేకర్ గారి పేరిట బీడీ కార్మిక స్త్రీల సహకార గృహనిర్మాణ సంఘము కుంభారిలో పదివేల ఇండ్లు కట్టించినది. 2006లో అప్పటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ గారు వచ్చి ఆ ఇండ్లను అప్పగించినారు. పిదప మీనాక్షీతాయి సానే గారి పేరిట మరియొక సంఘము లేచినది. ఆ పిమ్మట రే నగర్. ముప్పదివేల ఇండ్ల ఆ పనికి 2019 జనవరిలో ప్రధాని నరేంద్ర మోదీ గారు శంకుస్థాపన చేసినారు. 2024 జనవరి 19న అందులో పదిహేను వేల ఇండ్లను అప్పగించినారు. చేనేతవారు, మరమగ్గములవారు, బీడీలు చుట్టువారు, చిత్తుకాగితము ఏరువారు, డ్రైవర్లు ఆ జాబితాలో కలరు.

వీటన్నిటికి ముందు నడచినవారు ఆడం నర్సయ్య గారు. మన వాడలలో ఆడం మాస్తరు అన్నగాని తెలియదు. మూడు మారులు శాసనసభకు ఎన్నికైన ఎర్రజెండా మనిషి. ఢిల్లీలో ఏ పార్టీవారు గద్దెనెక్కినను ఆయన ఇండ్ల కాగితము చేతబట్టుకొని వెళ్లినారు. 2019లో మోదీ గారిని మెచ్చుకొన్నారని సొంత పార్టీవారే ఆయనను కేంద్ర కమిటీనుండి కొంతకాలము తప్పించినారు. ఆయన రాజకీయముతో మాకు పని లేదు. పేదవారి ఇంటి పని తలకెత్తుకొన్నవారు అన్ని వైపులనుండియు మాటపడవలసి వచ్చునని చూపుటకు మాత్రమే ఇది వ్రాసినాము.

ఈ పని సహకార సంఘము పేరిట జరిగినందున లాభము తీయువాడు నడుమ లేడు. ఇది మనకు క్రొత్త ఆలోచన గాదు. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున 28 మంది, వారిలో పలువురు మనవలె నేతపనివారే, తలకొక పౌను వేసికొని పిండి, వెన్న, చక్కెర, కొవ్వొత్తులు అమ్ము దుకాణము పెట్టినారు. సభ్యులకు ఇండ్లు కట్టుట లేక కొనుటయు వారి మొదటి ఉద్దేశములలో ఒకటి. దుకాణము నడపుట వచ్చిన తరువాతనే ఇంటి మాట సాగునని వారికి తెలుసు. లెక్క వ్రాయుట చేతగాని సంఘము గోడ కట్టలేదు, కట్టినను నిలుపలేదు.

ఇక సొమ్ము సంగతి. శంకుస్థాపననాటి లెక్క ప్రకారము రే నగర్ ఖర్చు 1811 కోట్లు చిల్లర. అందులో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వముల సహాయము 750 కోట్లు. ముప్పదివేలతో భాగించి చూడుడు. ఇంటికి ఆరు లక్షలు. సర్కారు ఇచ్చునది రెండున్నర లక్షలు. మిగిలిన మూడున్నర లక్షలు ఎవరివి? నెల జీతపు చీటీ లేని మనిషివి. బీడీలు వెయ్యికింత, తువాళ్లు డజనుకింత అని కూలి తీసికొను ఇల్లాలికి బ్యాంకువారు అప్పు ఇచ్చుటకు నూరు ప్రశ్నలు వేయుదురు. దళారి పుట్టునది ఇక్కడనే. నంబరు ముందుకు జరిపెదనని, కాగితము నేను చూచుకొందునని వచ్చువాడు ఆ భయమునే తిని బ్రతుకును. సంఘము ముద్ర, వరుస సంఖ్య లేని చీటీకి ఒక్క రూపాయి కూడ ఇవ్వవద్దని మేము గట్టిగా చెప్పుచున్నాము. అక్కకు తెలిసినవాడైనను, మన ఇంటిపేరువాడైనను సరే.

పూర్వము బీడీలపై వసూలగు సుంకమునుండి కార్మికుల ఇండ్లకు, పిల్లల చదువులకు నిధి ఉండెడిది. 1976 చట్టముతో ఏర్పడినది. 2017లో జి.ఎస్.టి. వచ్చినప్పుడు ఆ సుంకము రద్దయినది. ఇంటికి సొమ్ము ఎక్కడనుండి వచ్చునో అడుగువారు ఈ సంగతి కూడ అడుగవలెను.

మాకు అన్నిటికన్న బాధ కలిగించు విషయము వేరొకటి. ఆ పథకము క్రింద పేదవారి ఇల్లు 30 చదరపు మీటర్లు. నిద్రించుటకు చాలును, నేయుటకు చాలునా? గుంత మగ్గము పై అంతస్తులో పెట్టుట ఎట్లు? నేలను త్రవ్వినచో క్రింది ఇంటివారి నెత్తిన పడును! ఆసు పోయుటకు, పడుగు పరచుటకు వీధి కావలెను. మనకు ఇల్లును మగ్గమును వేరు గావు. ఇల్లు ఇచ్చి మగ్గమును దించివేసినచో ఆ మనిషి నేతకాడుగా మిగులడు. ఇది ఢిల్లీవారికి తెలియని విషయము గాదు. మగ్గపు షెడ్డును ఇంటిని కలిపి కట్టించు పథకము చేనేతవారికై 1985–86లోనే ఆరంభించినారు. 2024లో మొదలైన పట్టణ ఆవాస యోజన రెండవ దశలో 45 చదరపు మీటర్ల వరకు వీలున్నది. కావున రాబోవు ఇండ్లలో చేమగ్గమున్న కుటుంబములకు నేలమట్టపు ఇండ్లు, ప్రతి పదియిండ్లకు ఉమ్మడిగా ఒక పడుగు షెడ్డు కావలెనని మన సంఘములన్నియు ఒక్క అర్జీ పెట్టవలెను. చేమగ్గములు ఎన్ని మిగిలినవని నవ్వువారున్నారు. తక్కువ మిగిలినందుననే అడుగుచున్నాము.

పని, కాపురము ఒక్కచోటనే ఉండవలెనని మేమన్నచో మరమగ్గముల కార్ఖానాలలో పడుకొనుటను సమర్థించుచున్నామని ఎవరును అనుకొనరాదు. 2025 మే నెలలో అక్కలకోట రోడ్డు ఎం.ఐ.డి.సి.లో ఒక తువాళ్ల కార్ఖానాకు నిప్పంటుకొని ఎనిమిదిమంది చనిపోయినారు. అక్కడనే కాపురమున్నవారు, పసిబిడ్డ సహితము వారిలో కలరు. నూలు, దూది, రంగులు గల కప్పు క్రింద, తలుపు మూసిన రాత్రి, పిల్లలతో నిద్రించు కూలివాడు ఇష్టపడి అక్కడ ఉండడు. కిరాయి భరింపలేక ఉండును. వానికి ఇల్లు దొరకుట ప్రాణము దక్కుటతో సమానము.

దూరము సంగతి కలదు. కుంభారినుండి పనికి రాకపోకల ఖర్చు కూలిలో ఒక భాగము తినివేయును. మొదటి పాళీకి వచ్చువాడు, బీడీలు అప్పగించుటకు వచ్చు స్త్రీ బస్సు కొరకు నిలువవలసిన ఇల్లు సగము ఇల్లే. నీళ్లు, దీపములు, మురికికాలువలు ఎవరు చూడవలెను? కట్టించుట యొక పని, కట్టిన దానిని నడపుట నూరేండ్ల పని. నాయకుని చుట్టు వేలమంది చేరుదురు. నీళ్ల మోటారు చెడిన నాడు చందా అడుగ వెళ్లిన కార్యదర్శికి తలుపు తీయువారు పదిమంది ఉండరు. అట్టివారు ఆ తాళపుచెవిని ఎట్లు కాపాడుకొందురో మాకు తెలియదు.

ఇల్లు కిరాయికిచ్చి మరల పాత ఖోలీకే వచ్చిన కుటుంబములను తిట్టువారున్నారు. మేము తిట్టము. బస్సు లేనందున వచ్చినారా, అప్పు వాయిదా కట్టలేక వచ్చినారా, పెద్దలకు జబ్బుచేసి ఆసుపత్రి దగ్గర కావలెనని వచ్చినారా, ముందు విచారింపవలెను. అమ్ముకొనుట మాత్రము వేరు మాట. ఇంటి పత్రము ఇల్లాలి పేర గాని, ఆలుమగలిద్దరి పేర గాని ఉండవలెనన్న నియమము ఊరకే పెట్టలేదు. తాగుడు అప్పుకు ఇల్లు పోకుండుటకు అంతకన్న మంచి కాపలా లేదు. ఆమె సంతకము అడుగ వచ్చిన మగవానికి, వాడు మన సభ్యుడే అయినను, మేము సాక్షి సంతకము పెట్టబోము.

కాగితములు మరాఠీలో ఉండును, మన తల్లులు తెలుగు మాట్లాడుదురు, అనేకులు ఏ భాషయు చదువలేరు. ఆధారు కార్డులో ఒక పేరు, బీడీ కార్డులో ఒక పేరు, రేషను కార్డులో ఇంకొకటి. ఇంటిపేరులో ఒక అక్షరము తేడా వచ్చి నంబరు ఆగినవారిని మేము చూచినాము. పదవ తరగతి చదివిన పిల్లలు ప్రతి సందులో ఉన్నారు. వారానికొక సాయంత్రము మార్కండేయ మందిరము దగ్గర గాని, మా ఆఫీసు అరుగుమీద గాని కూర్చుండి, ఈ పేర్లు సరిచూచి అర్జీలు వ్రాయవచ్చును. బల్ల, సిరా, కాగితము మా సంఘము ఇచ్చును.

మహారాష్ట్ర సహకార సంఘముల చట్టము 1960 ప్రకారము ప్రతి సంఘమును సంవత్సరాంతమునుండి ఆరు మాసములలోగా, అనగా సెప్టెంబరు 30 లోపల, సర్వసభ్య సభ జరుపవలెను. గృహనిర్మాణ సంఘములో సభ్యత్వమున్న మన స్త్రీలు స్వయముగా వెళ్లవలెను, భర్తలను పంపరాదు. జమాఖర్చు తెలుగులో చదివి వినిపింపుడని అడుగవలెను. రసీదులన్నియు వరుసగా కుట్టి వెంట తీసికొని పోవలెను. ఎవరి పుస్తకములోనైనను తేడా కనబడినచో ఆ పుటకు నకలు తీసికొని, మరునాడు ఉదయము మా ఆఫీసుకు రావలెను.